బ్రష్షులకి జుట్టు రాలుతోంది, స్పాంజి లోపల నల్లమచ్చలు. శ్రావణం ముంచుకొస్తోంది, ఎవరైనా చెప్పండి

గోదారి_పిల్ల (రాజమండ్రి), ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్తే. రెండేళ్ళ నుంచి పెళ్ళికూతుళ్ళకి మేకప్ చేస్తున్నాను. సొంత పార్లర్ లేదు, పిలిచిన ఇంటికి బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళడమే. ఆషాఢం ఖాళీయే కదా, కిట్ మొత్తం బయటికి తీసి సర్దుదామని ఇవాళ కూర్చుంటే ఏడుపొక్కటే తక్కువ.

పౌడర్ బ్రష్ పట్టుకుని ఒకసారి దులిపితే చిటికెడు వెంట్రుకలు చేతికొచ్చాయి. ఇంకో రెండింటికి కాడ ఊడిపోయింది. కాడల మీద నల్ల పెయింట్ పెచ్చులు లేస్తోంది. 14 బ్రష్షుల సెట్టు, 6,500 పెట్టి కొని ఏడాదిన్నర కాలేదు. స్పాంజి పైకి బాగానే ఉంది కానీ ఏదో మగ్గిన వాసన. అనుమానమొచ్చి బ్లేడుతో సగానికి కోశాను. లోపలంతా నల్లచుక్కలు. జ్యేష్ఠంలో ఆ స్పాంజితోనే ముగ్గురికి ఫౌండేషన్ వేశాను. ఆ మాట తలచుకుంటే అన్నం సయించలేదు.

వాడిన ప్రతిసారీ కడుగుతాను. ఆ విషయంలో బద్ధకం లేదు. మరి ఎందుకిలా? సెట్టే నాసిరకమా? మొదటి పెళ్ళి ఇంకో 12 రోజుల్లో ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

స్పిరిట్_సీసా (హైదరాబాద్), 10:31

కడిగాక ఎలా ఆరబెడతావమ్మా?

గోదారి_పిల్ల, 10:33

వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసులో అక్కా. కుచ్చు పైకి ఉండేలా, పెన్నులు పెట్టినట్టు.

స్పిరిట్_సీసా, 10:58

దొరికింది. సెట్టు తప్పేం లేదు.

తడి బ్రష్‌ని నిలబెడితే నీళ్ళు కిందికి జారతాయి. కింద ఏముంది? కుచ్చునీ కాడనీ కలిపే రేకు. ఆ రేకు లోపల వెంట్రుకల మొదళ్ళని పట్టుకునేది ఒట్టి జిగురు. అక్కడికి గాలి వెళ్ళదు, గోదావరి జిల్లా వానల్లో రెండు రోజులైనా ఆరదు. జిగురు నానిపోతే వెంట్రుకలు ఊడతాయి. రేకు కింద ఉన్న చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది, అప్పుడు పెయింట్ పగులుతుంది. ఎండాక కుంచించుకుపోతుంది, అప్పుడు కాడ వదులవుతుంది. నువ్వు చెప్పిన మూడు రోగాలూ ఆ ఒక్క గ్లాసు నుంచి వచ్చినవే. నిజం చెప్పాలంటే నువ్వు శ్రద్ధగా ప్రతిసారీ కడగడం వల్లే ఇంత త్వరగా పోయాయి! బద్ధకస్తుల బ్రష్షులు పదేళ్ళు గట్టిగా ఉంటాయి, కాకపోతే వాటిని మనిషి మొహం దగ్గరికి తీసుకెళ్ళకూడదు.

నేను తొమ్మిదేళ్ళుగా చేసేది రాస్తాను. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు, వేడి వద్దు. కుచ్చుని ఎప్పుడూ కిందికి వంచే పట్టుకోవాలి, కుళాయి కింద కూడా. సగం కుచ్చు వరకే తడపాలి, రేకు మునగకూడదు. అరచేతిలో చుక్క బేబీ షాంపూ వేసుకుని దాని మీద గుండ్రంగా తిప్పితే రంగు వదులుతుంది. గిన్నెలో నానబెట్టి టీవీ చూసే అలవాటుంటే ఇవాళే మానెయ్. ఫౌండేషన్, కన్సీలర్, లిప్ బ్రష్షులకి జిడ్డు మొండిగా ఉంటుంది కాబట్టి ముందు ఒక చుక్క కొబ్బరినూనె రాసి, టిష్యూకి తుడిచి, తర్వాత షాంపూ. సింథటిక్ వాటికైతే గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క వేసినా ఏం కాదు. మేక వెంట్రుకల బ్రష్షులకి మాత్రం అది వేస్తే కొబ్బరిపీచు అవుతుంది.

జాడించిన నీళ్ళు తేటగా వచ్చాక పాత నూలు పంచెలో పెట్టి అదమాలి, మెలిపెట్టి పిండకూడదు. వేళ్ళతో ఆకారం సరిచేసి, బల్ల అంచున పడుకోబెట్టాలి. కాడ బల్ల మీద, కుచ్చు బల్ల బయట గాలిలో. అలా అయితే అన్ని వైపులా గాలి తగులుతుంది. నేను బట్టల హ్యాంగర్‌కి రబ్బరు బ్యాండ్లతో తలకిందులుగా కట్టి ఫ్యాన్ కింద వేలాడదీస్తాను. చూడటానికి గబ్బిలాల్లా ఉంటాయి, మా అబ్బాయి నవ్వుతాడు. హెయిర్ డ్రయ్యర్ వద్దు, మిట్టమధ్యాహ్నం ఎండా వద్దు.

ఊడిన కాడలు పారెయ్యకు. రెండు రోజులు బాగా ఆరనిచ్చి, రెండు ట్యూబులు కలిపి రాసే ఎపాక్సీ జిగురుతో అతికించి ఒక రోజు కదపకుండా వదిలెయ్. వెంట్రుకలు గుప్పెడు పోయినదాన్ని మాత్రం వదులుకో.

గోదారి_పిల్ల, 11:06

రెండేళ్ళ నుంచి గ్లాసులో పెడుతున్నానక్కా 🤦 యూట్యూబ్‌లో అందరూ అందంగా గ్లాసులోనే పెట్టి చూపిస్తారు.

స్పిరిట్_సీసా, 11:08

అవి ఆరినవి తల్లీ. ఆరాక గ్లాసులో పెట్టుకో, పూలసజ్జలో పెట్టుకో, నీ ఇష్టం.

పాతచింతపండు (తెనాలి), సోమవారం ఉదయం 6:15

షాంపూలు, లిక్విడ్లు ఎందుకు? కుంకుడుకాయలు నాలుగు కొట్టి వేడినీళ్ళలో నానేసి ఆ రసంతో కడగండి. మా అమ్మ పట్టుచీరలు కూడా దాంతోనే ఉతికేది. వెంట్రుకే కదా, తలకి మంచిదైంది బ్రష్‌కి చెడ్డదవుతుందా?

స్పిరిట్_సీసా, 8:40

పిన్నిగారూ, నేనూ ఒక వేసవి అంతా వాడి చూశాను. మేక వెంట్రుకల బ్లష్ బ్రష్ పట్టులా వచ్చిన మాట నిజం. కానీ రసం ఎంత వడకట్టినా సన్నటి నలుసు కుచ్చు లోపల ఉండిపోతుంది. అది ఐషాడో బ్రష్ అయితే? కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో మన తరానికి చెప్పక్కర్లేదు కదా.

ఫార్మసీ_బాబాయ్ (ఏలూరు), 9:05

ఇద్దరూ కరెక్టే. కుంకుడులో నురగ తెచ్చేవి సపోనిన్లు, అవి సబ్బులాగే జిడ్డుని లాగుతాయి. ఇబ్బంది నిల్వతోనే. రసంలో ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి రెండో రోజుకి పులుస్తుంది. ఏ పూటకాపూట చేసుకునే ఓపిక ఉంటే, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి పెద్ద బ్రష్షులకి వాడుకోండి. కంటి దగ్గరవాటికి వద్దు.

మల్లెమొగ్గ (విశాఖ), 9:22

నా ఘనకార్యం చెప్తాను, ఇంకెవరూ చెయ్యకండి. పాలసీసాలు ఆవిరిలో స్టెరిలైజ్ చేస్తాం కదా, బ్రష్షులకీ అదే అనుకున్నాను. ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు పెట్టాను. మూత తీసేసరికి ఇడ్లీ గుంటల్లో కుచ్చులు వేరు, రేకులు వేరు, కాడలు వేరు. సింథటిక్‌వి వంకర్లు తిరిగిపోయాయి. పైగా ఆ పాత్రలో ఇడ్లీ తిననని మా ఆయన నెల రోజులు సమ్మె.

ఊరికే_చదువరి, 9:30

ఆఫీసులో ఉన్నాను, గట్టిగా నవ్వేశాను. పక్క సీటాయన అడిగితే ఏం చెప్పాలి?

కత్తెర_భాయ్ (వరంగల్), 10:47

సెలూన్ నడుపుతాను, నా మాట కూడా వినండి. ఆవిరి పనికిరానిది బ్రష్షులకే. స్టీలు ట్వీజర్లు, గోళ్ళ కత్తెరలు మాత్రం తట్టుకుంటాయి. ఆసుపత్రిలో పరికరాల్ని ఆవిరితో స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్ అనేది 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచుతుంది, మన ప్రెషర్ కుక్కర్ లోపల కూడా దాదాపు అంతే వేడి. కానీ మేకప్ పనికి అంత అక్కర్లేదు, కడిగి స్పిరిట్‌తో తుడిస్తే చాలు. కనుబొమలు తీసేటప్పుడు ట్వీజర్‌కి రక్తం చుక్క అంటితే మాత్రం ఊరికే తుడిచి ఇంకొకరికి వాడొద్దు. విడిగా డబ్బాలో పడెయ్యండి, ఇంటికెళ్ళి సబ్బుతో కడిగి కుక్కర్లో పెట్టండి.

క్రిములు చస్తాయని నీలం లైటు వెలిగే యూవీ (అతినీలలోహిత కిరణాల) బాక్సులు కొంటున్నారు చాలామంది. కస్టమర్‌కి నమ్మకం కలిగించడానికి బాగుంటుంది, నేనూ కొన్నాను. లైటు నేరుగా పడిన చోటే దాని ప్రభావం. నీడ పడిన వైపు, కుచ్చు లోపల ఏమీ కాదు. కడగకుండా అందులో పెట్టి శుభ్రమైంది అనుకునేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. శుభ్రం చేసినవి దుమ్ము పడకుండా దాచుకునే డబ్బా, అంతవరకే.

రెప్పలు వంచే కర్లర్‌లో రబ్బరు పట్టీ ఉంటుంది, అది చూశారా ఎప్పుడైనా? గాడి పడితే మార్చండి, విడిగా దొరుకుతుంది. గాడి పడిన రబ్బరు రెప్పని వంచదు, తుంచుతుంది. పెన్సిల్ షార్ప్‌నర్‌ని తడిగా వదిలితే బ్లేడు తుప్పు పడుతుంది, అదీ చూసుకోండి.

ఫార్మసీ_బాబాయ్, 12:10

స్పిరిట్ మాట వచ్చింది కాబట్టి. మా షాపుకి వచ్చే బ్యూటీషియన్లు '99 శాతం ఉందా బాబాయ్' అని అడుగుతారు, ఎక్కువ శాతం అంటే ఎక్కువ బలం అని. సూక్ష్మజీవిని చంపడానికి ఆల్కహాల్‌కి తోడు నీళ్ళూ కావాలి. 99 శాతంది పైపొరని గడ్డకట్టించి, లోపలికి దిగేలోపే ఆవిరైపోతుంది. 70 శాతంలో మిగతాది నీళ్ళు కాబట్టి కాసేపు తడిగా నిలిచి లోపలికి పోతుంది. సీసా మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 70 శాతం అని ఉందో లేదో చూసి కొనండి. కొట్టిన వెంటనే తుడిచెయ్యకండి, కనీసం అర నిమిషం తడిగా ఉండాలి. ఆ తర్వాత దానంతటదే ఆరాలి.

ఇంకోటి. మురికి మీద స్పిరిట్ కొడితే మురికి తడుస్తుంది, అంతే. జిడ్డూ రంగూ పోయాకే స్పిరిట్ పని చేస్తుంది. గాయాలకి వాడే యాంటిసెప్టిక్ ద్రవంలో బ్రష్షులు నానబెడుతున్నారని విన్నాను, అది చెయ్యకండి. కుచ్చులో మిగిలిపోయి కంటి చుట్టూ చర్మాన్ని మండిస్తుంది.

గోదారి_పిల్ల, 12:25

బాబాయ్‌గారూ, పెళ్ళింట్లో ఒకరి తర్వాత ఒకరికి చేసేటప్పుడు కడిగే టైముండదు కదా, అప్పుడు?

స్పిరిట్_సీసా, 12:44

ఇది నన్ను చెప్పనివ్వండి. కంటివి, పెదవులవి మూడు సెట్లు పెట్టుకో. ఖరీదైనవి అక్కర్లేదు, బేగంబజార్ హోల్‌సేల్‌లో సింథటిక్‌వి తెచ్చుకుంటాను నేను. వాడినవి ఒక జిప్ కవర్లో, వాడనివి ఇంకో దాంట్లో. కవరు మీద 'ఎంగిలి' అని మార్కర్‌తో రాసిపెట్టాను, అసిస్టెంట్ అమ్మాయి ఒక్కసారి కూడా పొరబడలేదు. పెద్ద పౌడర్ బ్రష్ ఒక్కటే ఉంటే టిష్యూ మీద బాగా తుడిచి, స్పిరిట్ కొట్టి, మళ్ళీ తుడిచి, ఆరేదాకా ఆగు.

ఆరేదాకా అని ఎందుకంటున్నానంటే, స్పిరిట్‌కి మంట అంటుకుంటుంది. పెళ్ళికూతురు గదిలో గౌరీపూజ దీపం వెలుగుతూ ఉంటుంది, పక్కనే కర్లింగ్ రాడ్ వేడెక్కుతూ ఉంటుంది. ఒకసారి నా చేతిలో టిష్యూ భగ్గుమంది. అదృష్టం, పట్టుచీరకి ఇంకా మూడడుగుల దూరంలో ఉన్నాను.

రామ్‌నగర్_రాధ (హైదరాబాద్), 3:15

మా బోరు నీళ్ళు ఎంత ఉప్పంటే కుళాయిలే తెల్లగా పెచ్చు కడతాయి. బ్రష్షులు ఎంత కడిగినా ఆరాక గరుకుగా ఉంటాయి. షాంపూ మార్చి మార్చి విసిగిపోయాను.

ఫార్మసీ_బాబాయ్, 3:40

షాంపూ కాదమ్మా, నీళ్ళలో సున్నం. సబ్బుతో కలిసి అది కుచ్చు మీద పొరలా పేరుకుంటుంది. ఆఖరి జాడింపు తాగే ఫిల్టర్ నీళ్ళతో చెయ్యండి, ఒక గ్లాసు చాలు. ఇప్పటికే గరుకైనవాటికి గ్లాసు నీళ్ళలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి కుచ్చు మాత్రం ముంచి తీసి, మళ్ళీ మంచినీళ్ళతో జాడించండి.

రామ్‌నగర్_రాధ, మంగళవారం 9:02

చేశాను బాబాయ్‌గారూ. మెత్తబడింది! వెనిగర్ వాసన మాత్రం సాయంత్రం దాకా పోలేదు.

డాలస్_దోసె, మంగళవారం 9:50

స్పాంజి సంగతి ఎవరూ చెప్పలేదు. నాది గుడ్డు ఆకారంది, ఖరీదైనదే. మైక్రోవేవ్‌లో ఒక నిమిషం పెడితే బూజు చస్తుందని ఎక్కడో చదివాను. నిజమేనా?

స్పిరిట్_సీసా, 10:20

తడి లేకుండా పెడితే మంట అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ళలో ముంచి పెట్టినా, తీసేటప్పుడు మరిగే నీళ్ళు పీల్చుకుని ఉంటుంది, పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. నా మాట వింటే బూజు పట్టిన స్పాంజికి వైద్యం లేదు, చెత్తబుట్టే.

పట్టకుండా చూసుకోవడం తేలికే. వాడిన రోజే సబ్బు రాసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా పిసకాలి. పైపైన కడిగితే పైన గులాబీ, లోపల ఫౌండేషన్. తర్వాత పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా అదిమి, గాలి తగిలేచోట తీగ స్టాండు మీద పెట్టాలి. కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ డబ్బా ఉంది చూడు, దాంట్లో తడిగా పెట్టి మూతేసి బ్యాగులో పడేస్తే బూజుకి అంతకన్నా సుఖమైన ఇల్లు లేదు. గోదారి_పిల్ల అదే చేసి ఉంటుంది.

ఆ గుడ్డు ఆకారం స్పాంజిని 2003లో అమెరికాలో రియా ఆన్ సిల్వా అనే మేకప్ ఆర్టిస్టు తెచ్చారు. అంచులు లేని ఆకారం కాబట్టి మొహం మీద గీతలు పడవు. తడిపి వాడమనేది కూడా ఊరికే కాదు. ముందే నీళ్ళు తాగి ఉంటే ఫౌండేషన్ తక్కువ తాగుతుంది, లోపల తక్కువ పేరుకుంటుంది. ఇంట్లో ఒక్కరే వాడితే మూడు నెలలకోసారి మార్చండి. పెళ్ళిళ్ళకి అయితే మనిషికొకటి, పని అయ్యాక ఆమెకే ఇచ్చేస్తాను. ఖర్చు ప్యాకేజీలో కలుపుతాను. చెప్పి మరీ కలుపుతాను, ఇంతవరకు ఒక్క తల్లి కూడా కాదనలేదు.

గోదారి_పిల్ల, 10:26

ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టానక్కా. మీరు మా ఇంట్లో కెమెరా ఏమైనా పెట్టారా?

మువ్వల_సవ్వడి (గుంటూరు), మంగళవారం మధ్యాహ్నం 1:30

పాతికమంది పిల్లలకి కూచిపూడి నేర్పుతాను. 2023 వానాకాలంలో కళ్ళకలక రెండు రాష్ట్రాల్నీ ఊపేసింది కదా, అప్పుడు మా పిల్లల ప్రోగ్రామ్ ఉంది. ఒకటే పాన్‌కేక్ (తడి స్పాంజితో మొహానికి పూసే గట్టి మేకప్ బిళ్ళ), ఒకటే తడి స్పాంజి, ఒకటే కాటుక డబ్బా. ఒక పాపకి కన్ను కాస్త ఎర్రగా ఉంది, నిద్ర లేక అనుకున్నాం. నాలుగు రోజుల్లో తొమ్మిదిమందికి వచ్చింది. స్కూల్లో అంటుకుందో మా గ్రీన్ రూమ్‌లోనో ఎవరు చెప్పగలరు? కానీ ఆ తల్లుల మొహాలు చూడలేకపోయాను.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. పాన్‌కేక్‌ని చెంచాతో గీకి చిన్న స్టీలు మూతల్లో వేస్తాను, ఎవరి మూత వాళ్ళది. చవక స్పాంజి షీటు కొని ముక్కలు కోస్తాను. కాటుక పెన్సిల్, ఐలైనర్ ఇంటినుంచే తెచ్చుకోవాలి, పేరు రాసిన కవర్లో. కూచిపూడికి కన్ను చెవి దాకా తీర్చాలి కదా, ఒక్కో పిల్లకి ఎన్నిసార్లు రెప్ప మీద ఆనుతుందో ఊహించండి. కన్ను ఎర్రగా ఉన్న పాపకి కంటి మేకప్ లేకుండానే స్టేజి ఎక్కిస్తాను. ఏడుస్తుంది, ఏడవనీ.

పాన్‌కేక్ వాడాక వెంటనే మూత పెట్టొద్దు. రాత్రంతా ఫ్యాన్ కింద తెరిచి ఉంచి, పూర్తిగా ఆరాకే మూయండి.

ఫార్మసీ_బాబాయ్, 2:05

మేడమ్ చెప్పిన ఆఖరి ముక్క బంగారం. క్రిములు పెరగాలంటే నీళ్ళు కావాలి. పొడి పౌడర్ రెండేళ్ళు నిలవడానికీ, మస్కారా మూడు నెలలకే పారెయ్యమనడానికీ కారణం అదే. మస్కారా అంటే నీళ్ళున్న పదార్థం, చీకటి గొట్టం, రోజూ రెప్పల మీద తిరిగొచ్చి లోపలికి దూరే పుల్ల. పుల్లని లోపలికీ బయటికీ ఆడించడం వల్ల గాలి కూడా చేరి త్వరగా ఎండుతుంది. దాన్ని కడగలేం, స్పిరిట్ వెయ్యలేం. ఎండిపోయిందని చుక్క నీళ్ళు పోసేవాళ్ళున్నారు. నీళ్ళు పోస్తే అందులోని ప్రిజర్వేటివ్ పల్చబడిపోతుంది, కాపలావాడికి నిద్రమాత్ర ఇచ్చినట్టే.

గోదారి_పిల్ల, 2:11

ఫౌండేషన్ చిక్కబడితే నేను పన్నీరు పోస్తాను బాబాయ్‌గారూ...

ఫార్మసీ_బాబాయ్, 2:14

పోసిన సీసా పారెయ్యమ్మా. ఇక మీదట పల్చగా కావాలంటే ఆ పూటకి కావలసినంత పళ్ళెంలో తీసుకుని అక్కడే కలుపుకో, సీసాలో పొయ్యకు.

డేట్ల సంగతి కూడా చెప్పేస్తాను. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఇక్కడ అమ్మే సరుకు మీద బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, ఏ నెలలోపు వాడాలో ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. సగం ధరకే పెద్ద బ్రాండు అని ఎవరైనా చూపిస్తే ముందు అవి వెతకండి. అది మూత తియ్యని సరుకు గడువు. మూత తీశాక లెక్క వేరు. చిన్న డబ్బా బొమ్మ మూత తెరిచినట్టు ఉంటుంది, లోపల 6ఎం, 12ఎం అని రాసి ఉంటుంది, అన్ని నెలలు అని. మూత తీసిన రోజు తేదీ అడుగున మార్కర్‌తో రాసుకోకపోతే ఆ బొమ్మ ఉండీ లాభం లేదు.

డాలస్_దోసె, బుధవారం 7:30

ఇక్కడ వేసవిలో కారులో లిప్‌స్టిక్ మర్చిపోయాను. కరగలేదు కానీ మొన మీద చెమట పట్టినట్టు చుక్కలు. పాడైనట్టేనా?

స్పిరిట్_సీసా, 8:55

ఆ చుక్కలు లోపలి నూనె, చాలావాటిలో ఆముదం ఉంటుంది. వేడికి పైకి ఊరుతుంది. టిష్యూతో అద్ది, చల్లటి గదిలో ఒక రోజు వదిలెయ్. వాసన చూడు. పిల్లల మైనపు రంగుల వాసనో, పాత నూనె వాసనో వస్తే అప్పుడు పాడైనట్టు. బెజవాడ పెళ్ళిళ్ళకి మే నెలలో వెళ్తే నేను లిప్‌స్టిక్‌లన్నీ చిన్న ఐస్ బాక్సులో పెట్టుకుని వెళ్తాను. కాంపాక్టులు (అదిమిన పౌడర్ బిళ్ళలు) మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది.

కాంపాక్టు మీద నున్నగా గట్టిపొర కట్టి రంగు రావడం లేదంటే అది మన మొహం జిడ్డే. సెల్లోటేపు ముక్క అంటించి లాగితే ఆ పొర ఊడొస్తుంది. పారెయ్యక్కర్లేదు.

ఊరికే_చదువరి, బుధవారం 11:20

చదివేది తప్ప ఎప్పుడూ రాయను కానీ నాకో అసలు సమస్య. ఎంత శుభ్రంగా పెట్టుకున్నా ఇంటికి చుట్టాలొచ్చారంటే 'ఏదీ, ఆ లిప్‌స్టిక్ ఒకసారి' అని సరాసరి పెదాలకి రాసేసుకుంటారు. మా ఆడపడుచు పెదవి మీద నీటిపొక్కు ఉన్నప్పుడే రాసుకుంది. ఎలా వద్దనాలి?

మల్లెమొగ్గ, 11:31

ఇది బ్రష్షుల కన్నా పెద్ద సబ్జెక్టు.

ఫార్మసీ_బాబాయ్, 11:50

పెదవి మీద నీటిపొక్కులు సాధారణంగా హెర్పిస్ వైరస్ వల్ల వస్తాయి, అంటుకుంటాయి. ఆ లిప్‌స్టిక్ ఆమెకే ఇచ్చెయ్యండి. ప్రేమగా ఇచ్చినట్టు ఉంటుంది.

స్పిరిట్_సీసా, 12:15

పెళ్ళింట్లో నాకు రోజూ ఇదే. పెళ్ళికూతురి మేనత్త, పెద్దమ్మ, తోడికోడలు వరసగా వస్తారు. వద్దంటే 'మాకేమన్నా రోగాలున్నాయా' అంటారు. అందుకే 'చుట్టాల పౌచ్' అని విడిగా పెట్టాను. అందులో నాలుగు మామూలు లిప్‌స్టిక్‌లు, ఒక కాంపాక్టు, పారేసే పుల్లల ప్యాకెట్టు. పెళ్ళికూతురికి వాడేవాటిని ఎప్పుడూ నేరుగా రాయను. కత్తితో చిన్న ముక్క గీకి స్టీలు పళ్ళెంలో వేసి, అక్కడినుంచి బ్రష్‌తో తీస్తాను. ఆ గీకిన మొన చూసి 'అయ్యో, విరిగిపోయిందే' అని అసలు లిప్‌స్టిక్ జోలికి ఎవరూ రారు. ఇది ఎవరూ చెప్పని లాభం.

పాతచింతపండు, 1:40

మా రోజుల్లో ఇంటిల్లిపాదికీ ఒకటే కాటుక భరిణె. ఆముదం దీపం మసి, నెయ్యి వేసి రంగరించి. ఎవరికీ ఏం కాలేదు.

మువ్వల_సవ్వడి, 1:58

అమ్మా, ఎవరికీ కాలేదో, కళ్ళు ఎర్రబడితే దిష్టి అనుకున్నారో!

పాతచింతపండు, 2:10

అదీ నిజమే. దిష్టి తీసిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

ఫార్మసీ_బాబాయ్, 2:45

మరి బాత్రూం అద్దానికి అంటించిన బొట్టుబిళ్ళల సంగతేంటి? మా ఇంటి అద్దం మీద ఇప్పుడు పదకొండు ఉన్నాయి, లెక్కపెట్టి వచ్చాను. స్నానాల గది ఆవిరి, సబ్బు తుంపర్లు, పాత జిడ్డు, అన్నీ ఆ జిగురు మీద చేరతాయి. మళ్ళీ తీసి నుదుటికే. కొన్ని బొట్టుబిళ్ళల జిగురులో ఉండే పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ వల్ల బొట్టు పెట్టుకునే చోట తెల్లమచ్చ వస్తుంది, చర్మం డాక్టర్లకి ఇది బాగా తెలిసిన విషయమే. దురద పెట్టినా రంగు తగ్గినట్టనిపించినా ఆ రకం ఆపేసి డాక్టరుకి చూపించండి, కొన్నాళ్ళు కుంకుమో పెన్సిలో వాడుకోండి.

మల్లెమొగ్గ, 2:52

ఇప్పుడే వెళ్ళి అద్దం తుడిచొచ్చాను. మా అత్తగారు 'నా బిళ్ళలేవీ' అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

గోదారి_పిల్ల, సుమారు రెండు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 6:40

అందరికీ థాంక్స్. మొదటి పెళ్ళి అయిపోయింది, ధవళేశ్వరంలో. తెల్లవారుజామున 3 గంటలకి ముహూర్తం.

ఊడిన రెండు కాడలూ అతికించాను, గట్టిగానే ఉన్నాయి. పౌడర్ బ్రష్ ఒక్కటే కొత్తది కొన్నాను. మొత్తం ఖర్చు 1,150 రూపాయలు, అందులో స్పిరిట్, స్పాంజి ప్యాకెట్టు, జిగురు కూడా ఉన్నాయి. మా నాన్న పాత వెదురు దడికి మేకులు కొట్టి తలకిందుల స్టాండు చేసిచ్చారు. మూడు రోజులు ఎడతెరిపి లేని వానలోనూ ఫ్యాన్ కింద ఒక్క రాత్రికే ఆరాయి. రేకు దగ్గర పట్టుకుని నొక్కి చూశాను, తడి లేదు.

పన్నీరు పోసిన ఫౌండేషన్ సీసా పారేశాను బాబాయ్‌గారూ. మనసు పీకింది కానీ పారేశాను.

జ్యేష్ఠంలో చేసిన ముగ్గురికీ ఫోన్ చేసి మొహం ఎలా ఉందని అడిగాను. ఇద్దరికి ఏమీ లేదు. ఒకమ్మాయికి గడ్డం దగ్గర పొక్కులు వచ్చి తగ్గాయట. దాని వల్లేనా అంటే తెలియదు. స్పాంజి సంగతి ఆమెకి చెప్పేశాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత 'సీమంతానికి నువ్వే రా, స్పాంజి మాత్రం నేను కొని పెడతాను' అంది.

చుట్టాల పౌచ్ పెట్టాను స్పిరిట్ అక్కా. నాలుగు లిప్‌స్టిక్‌లతో వెళ్ళాను, మూడుతో వచ్చాను.

స్పిరిట్_సీసా, 6:55

మేనత్తని అడిగావా?

గోదారి_పిల్ల, 6:57

అప్పగింతల్లో ఏడుస్తున్నారక్కా, అడగలేకపోయాను. పెదాలకి మాత్రం అదే రంగు.